రిలీజ్‌కు ముందు టెస్టింగ్, రిలీజ్ తర్వాత సెక్యూరిటీ ఫిక్స్: రెండింటికీ ఒకటే దారి

చాలా టీముల్లో మామూలు రిలీజ్‌కు ఒక పద్ధతి, సెక్యూరిటీ ఫిక్స్‌కు ఇంకో పద్ధతి ఉంటాయి. మామూలు రిలీజ్ అయితే టెస్టులు, రివ్యూ, స్టేజింగ్ సర్వర్ (జనానికి వదిలే ముందు ప్రయత్నించి చూసే నకలు) అన్నీ సక్రమంగా జరుగుతాయి. రాత్రి పదింటికి ఎవరో "మీ సైట్‌లో లోపం ఉంది" అని మెయిల్ పెడితే మాత్రం సీనియర్ ఒకరు కోడ్‌లో రెండు లైన్లు మార్చి, నేరుగా ప్రొడక్షన్‌లోకి, అంటే జనం వాడే అసలు సర్వర్లలోకి తోసేస్తారు. అంటే అన్నిటికన్నా టెన్షన్‌లో చేసిన మార్పే అన్నిటికన్నా తక్కువ పరీక్షతో జనంలోకి వెళ్తోందన్నమాట.

ఈ మార్గదర్శి దానికి ఎదురు వాదిస్తుంది. దారి ఒకటే ఉండాలి. అత్యవసరంలోనూ అందులోంచే వెళ్లగలిగేంత పొట్టిగా ఉండాలి. వెబ్‌సైట్ కానీ, మొబైల్ యాప్ కానీ, వేరేవాళ్లు వాడుకునే లైబ్రరీ కానీ తయారుచేసే చిన్న, మధ్యతరహా టీములను దృష్టిలో పెట్టుకుని రాశాను. కింది అంచెలు వరసలోనే ఉన్నాయి కానీ అన్నిటికీ ఒకే బరువు లేదు.

1. ఏ బగ్ ఉంటే రిలీజ్ ఆపాలో ముందే రాసిపెట్టండి

రిలీజ్ రోజు ఉదయం ఈ చర్చ మొదలుపెడితే గెలిచేది గట్టిగా మాట్లాడేవాళ్లే. అందుకని తీరుబడిగా ఉన్నప్పుడే ఒక పేజీలో రాసుకోవాలి. యూజర్ డేటా పోయే బగ్, లాగిన్ పనిచేయని బగ్, డబ్బు లెక్క తప్పే బగ్, ఒకరి సమాచారం ఇంకొకరికి కనబడే బగ్: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రిలీజ్ ఆగుతుంది. మిగతావి తెలిసిన లోపాల జాబితాలో చేరి, రిలీజ్ నోట్స్‌తో పాటు బయటికి వెళ్తాయి. ఆపే అధికారం ఎవరిదో కూడా ఆ పేజీలోనే ఒక్క పేరుతో ఉండాలి. అందరిదీ బాధ్యత అంటే తిలా పాపం తలా పిడికెడు అవుతుంది.

2. ఒక్కసారే బిల్డ్ చేయండి, పరీక్షించిన దాన్నే పంపండి

టెస్టింగ్‌కు ఒక బిల్డ్ (కోడ్ నుంచి తయారుచేసిన, నడిచే ఫైల్), రిలీజ్‌కు మళ్లీ ఇంకో బిల్డ్ చేస్తే మీరు పరీక్షించింది ఒకటి, పంపింది ఇంకొకటి. మధ్యలో ఏదో ఒక డిపెండెన్సీ (మీ కోడ్ ఆధారపడే బయటి లైబ్రరీ) వెర్షన్ మారిపోయి ఉండొచ్చు. రిలీజ్ బ్రాంచ్ నుంచి, శుభ్రమైన బిల్డ్ మెషిన్ మీద, డిపెండెన్సీల వెర్షన్లు లాక్ చేసి ఒక్కసారి బిల్డ్ చేయండి. వచ్చిన ఫైల్ హ్యాష్ (ఫైల్‌ను గుర్తుపట్టే వేలిముద్రలాంటి సంకేతం) రాసుకోండి. స్టేజింగ్‌లోనూ ప్రొడక్షన్‌లోనూ అదే హ్యాష్ ఉన్న ఫైల్ నడవాలి. తేడాలేమైనా ఉంటే అవి సెట్టింగుల్లోనే ఉండాలి.

ఈ జాగ్రత్త ఎందుకో 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ వ్యవహారం చూపించింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దూరింది. దాన్ని బిల్డ్‌లో కలిపే స్క్రిప్ట్ బహిరంగంగా కనిపించే గిట్ రిపాజిటరీలో (కోడ్, దాని చరిత్ర ఉండే చోట) లేదు, రిలీజ్ కోసం పెట్టిన ఆర్కైవ్ ఫైళ్లలో మాత్రమే ఉంది. లాగిన్లు దాదాపు అర సెకను ఆలస్యమవుతున్నాయేమిటని ఒక ఇంజినీర్ తవ్వి చూడబట్టి బయటపడింది. రిపాజిటరీలోని కోడ్‌ను ఎంత చదివినా చాలదు, రిలీజ్ ఫైల్ దాన్నుంచే వచ్చిందని నిరూపించగలగాలి.

3. టెస్టులు: ఏం జరగాలో కాదు, ఏం జరగకూడదో

ఒక్కో చిన్న ముక్కను చూసే యూనిట్ టెస్టులు ఎక్కువ, ముక్కలు కలిసి పనిచేస్తున్నాయా అని చూసే ఇంటిగ్రేషన్ టెస్టులు కొన్ని, స్క్రీన్ మీద మొదటి నుంచి చివరిదాకా నడిపే టెస్టులు బాగా తక్కువ. ఈ నిష్పత్తి గురించి అందరికీ తెలిసిందే కాబట్టి దాటేస్తాను. అసలు కొరత మరోచోట ఉంది. చాలా ప్రాజెక్టుల్లో టెస్టులన్నీ సరైన ఇన్‌పుట్ ఇచ్చి, సరైన జవాబు వచ్చిందా అని చూసేవే. సెక్యూరిటీ లోపాలు ఉండేది అవతలి వైపు.

2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ తీసుకోండి. సర్వర్లతో మాటలను రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో "నేను ఇంకా లైన్లోనే ఉన్నాను" అని చెప్పుకోవడానికి ఒక చిన్న సందేశం ఉంటుంది. పంపేవాళ్లు కొంత డేటా, దాని పొడవు ఇస్తారు. సర్వర్ అదే డేటాను తిరిగి పంపాలి. పొడవు నిజమో కాదో సర్వర్ సరిచూడలేదు. ఒక్క బైట్ పంపి "ఇది 64 కిలోబైట్లు" అని అబద్ధం చెబితే, మిగతాది తన మెమరీలోంచి తీసి ఇచ్చేసేది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, ప్రైవేట్ కీలు ఉండొచ్చు. దీన్ని పట్టుకోవడానికి కావలసిన టెస్ట్ చాలా చిన్నది: చెప్పిన పొడవుకీ ఇచ్చిన డేటాకీ పొంతన లేని సందేశం పంపి, సర్వర్ దాన్ని పారేసిందా లేదా అని చూడటం.

అదే ఏడాది ఫిబ్రవరిలో యాపిల్ పరికరాల్లో బయటపడ్డ లోపం ఇంకా విచిత్రం. అవతలి సర్వర్ అసలైనదేనా అని సర్టిఫికెట్ చూసి తేల్చే కోడ్‌లో "గోటూ ఫెయిల్" (ఫెయిల్ అనే చోటికి దూకు) అనే లైన్ రెండుసార్లు పడింది. రెండోది ఏ షరతూ లేకుండా నడిచి, డిజిటల్ సంతకం సరిచూసే చివరి అంచెను దాటేసేది. సరైన సంతకంతో ఎన్ని టెస్టులు నడిపినా అన్నీ పాసవుతాయి. తప్పుడు సంతకంతో ఒక్క టెస్ట్ నడిపితే దొరికిపోయేది.

కాబట్టి ప్రతి ఫీచర్‌కూ ఈ ప్రశ్నలు వేసి టెస్టులు రాయండి. ఇన్‌పుట్ ఖాళీగా ఉంటే? మరీ పెద్దగా ఉంటే? చెప్పిన పొడవు అబద్ధమైతే? గడువు తీరిన టోకెన్ (లాగిన్ అయినట్టు చూపే గుర్తు) వస్తే? లాగిన్ కాకుండా వస్తే? అన్నిటికన్నా ముఖ్యంగా, లాగిన్ అయ్యాడు కానీ ఈ వస్తువు అతనిది కాదు, అప్పుడు? ఈ చివరి ప్రశ్నకు ఇద్దరు యూజర్లు కావాలి. టెస్ట్ డేటాలో ఒక్క యూజరే ఉన్న ప్రాజెక్టులో అనుమతుల టెస్టింగ్ లేనట్టే లెక్క.

ఫైళ్లు, సందేశాలు, బయటి నుంచి వచ్చే ఏ ఫార్మాట్‌నైనా చదివే కోడ్ మీద ఫజింగ్ నడపండి. యంత్రం అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు లక్షల్లో తయారుచేసి పోస్తుంది, ఎక్కడ కూలిందో చెబుతుంది. మనిషి ఊహకు తట్టని ఇన్‌పుట్లు అక్కడ తడతాయి.

టూల్స్ ఇచ్చే హెచ్చరికలను గుడ్డిగా నోరు మూయించకండి. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2006లో మెమరీ తనిఖీ టూల్ ఫిర్యాదు చేస్తోందని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో రెండు లైన్లు తీసేశారు. రహస్య కీలు తయారుచేసే యాదృచ్ఛిక సంఖ్యలకు మూలాధారం దాంతోనే పోయింది. చివరికి మిగిలింది నడిచే ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే ప్రాసెస్ నంబరొక్కటే. అంటే ఒక్కో రకం కీకి ఉన్న అవకాశాలు 32,768కి మించలేదు. 2008 మేలో బయటపడేదాకా ఆ కీలు వాడుకలోనే ఉన్నాయి.

రెండు టెస్టులు తరచూ మరిచిపోతారు. ఒకటి, అప్‌గ్రేడ్: పాత వెర్షన్‌ను పాత డేటాతో పెట్టి, దాని మీద కొత్తది ఎక్కించి చూడటం. ఖాళీ డేటాబేస్ మీద అన్నీ అందంగానే నడుస్తాయి. రెండోది, వెనక్కి రావడం. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా ట్రేడింగ్ సంస్థలో కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే చేరింది. ఎనిమిదోదాంట్లోని పాత కోడ్ తప్పుడు ఆర్డర్లు పెట్టడం మొదలెట్టింది. కంగారులో వాళ్లు కొత్త కోడ్‌ను ఆ ఏడు సర్వర్ల నుంచీ తీసేశారు. దాంతో పాత కోడ్ అక్కడ కూడా నిద్రలేచింది. సుమారు 45 నిమిషాల్లో నష్టం 44 కోట్ల డాలర్లు దాటింది. రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కు వెనక్కి రావడం) కూడా ఒక రిలీజే, దాన్ని కూడా రిహార్సల్ చేయాలి.

చివరగా, ఆ కోడ్ రాయని మనిషి ఒకరు ఓ పూట కూర్చుని ఇష్టమొచ్చినట్టు వాడి చూడాలి. రాసినవాళ్ల చేతులు తమకు తెలిసిన దారిలోనే నడుస్తాయి.

4. దారి పొడవు కొలవండి

కోడ్‌లో ఒక్క అక్షరం మార్చి, అది అన్ని టెస్టులూ దాటి ప్రొడక్షన్ చేరడానికి ఎంతసేపు పడుతోందో గడియారం పెట్టుకుని చూడండి. ఆరు గంటలు పడితే, అత్యవసరంలో మీ టీమ్ తప్పకుండా అడ్డదారి తొక్కుతుంది. ఎన్ని నియమాలు రాసినా ఆగరు.

టెస్టులను రెండు గుంపులు చేయండి. పావుగంటలో అయిపోయే వేగం గుంపు: లాగిన్, అనుమతులు, డబ్బు, డేటా భద్రత, ఇంతకుముందు దొరికిన ప్రతి సెక్యూరిటీ లోపానికీ రాసిన టెస్ట్. ఇవి పాసవకుండా ఏదీ బయటికి వెళ్లదు, రాత్రి రెండైనా సరే. మిగతా నిదానం గుంపు మామూలు రిలీజ్‌లో ముందుగానే నడుస్తుంది. అత్యవసర ఫిక్స్‌లో మాత్రం విడుదల మొదలయ్యాక పక్కన నడుస్తూ, ఏదైనా ఫెయిలైతే విడుదలను ఆపుతుంది. ఒకసారి పాసయి ఒకసారి ఫెయిలయ్యే టెస్టును వేగం గుంపులో ఉంచకండి. "అది ఎప్పుడూ అంతే, మళ్లీ నడుపు" అనే అలవాటు పడిందంటే నిజమైన ఫెయిల్‌ను కూడా ఎవరూ పట్టించుకోరు.

5. ఒకేసారి అందరికీ వదలకండి

ముందు సొంత టీమ్, తర్వాత ఒక శాతం యూజర్లు, తర్వాత పది, తర్వాత అందరూ. ఒక్కో మెట్టు మీద ఎర్రర్ల సంఖ్య, క్రాష్‌లు, సర్వర్ జవాబిచ్చే వేగం చూడాలి. ఏ అంకె దాటితే ఆగాలో ముందే నిర్ణయించి, ఆపే పని యంత్రానికే అప్పజెప్పడం మంచిది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక ఫైల్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, దాదాపు 85 లక్షల విండోస్ మెషిన్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల్లో పనులు నిలిచాయి. అది కొత్త ప్రోగ్రామ్ కూడా కాదు, దాడులను గుర్తుపట్టే సమాచారం ఉన్న కంటెంట్ ఫైల్. 21 విలువలు అడిగే చోట 20 మాత్రమే అందాయి, లేని ఇరవై ఒకటోదాని కోసం కోడ్ హద్దు దాటి మెమరీ చదివింది. గంటా ఇరవై నిమిషాల్లోపే వాళ్లు ఆ ఫైల్ వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే అది లక్షల మెషిన్లకు చేరిపోయింది. కోడ్ మార్పులకు ఉన్న దశలవారీ విడుదల ఈ రకం ఫైళ్లకు లేకపోవడమే నష్టాన్ని అంత చేసింది. మీ దగ్గర సెట్టింగులు, ఫీచర్ ఫ్లాగులు (కోడ్ మార్చకుండా ఒక ఫీచర్‌ను ఆన్, ఆఫ్ చేసే మీటలు), నియమాల ఫైళ్లు ఏ దారిన వెళ్తున్నాయో ఇవాళే చూసుకోండి. "అది కోడ్ కాదుగా" అన్న మాట వినబడితే అక్కడ ఆగండి.

ఇక్కడిదాకా రిలీజ్ సంగతి. ఇప్పుడు రాత్రి పదింటి మెయిల్ వచ్చింది.

6. ఫిర్యాదు చేరే తలుపు

లోపం కనిపెట్టినవాళ్లకు ఎవరికి చెప్పాలో తెలియకపోతే నేరుగా సోషల్ మీడియాలో పెడతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. సెక్యూరిటీకి ప్రత్యేకంగా ఒక మెయిల్ చిరునామా పెట్టండి, అది ఒకరికి కాక కనీసం ఇద్దరికి చేరాలి. వెబ్‌సైట్లలో ఈ వివరాలు పెట్టడానికి సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్ పద్ధతి ఉంది, 2022లో ఇంటర్నెట్ పద్ధతులను రాసిపెట్టే పత్రాల్లో ఆర్‌ఎఫ్‌సీ 9116గా వచ్చింది. మెయిల్ అందిందని ఒక పనిదినంలోపు జవాబివ్వండి. లీగల్ నోటీసులతో బెదిరించకండి. బెదిరిస్తే రెండో లోపం గురించి మీకెవరూ చెప్పరు.

7. నిజమా కాదా, ఎంత తీవ్రం

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. మెయిల్‌లో ఇలా ఉంది: "నా ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ లింక్ చివర 40217 అని ఉంది. దాన్ని 40218 చేస్తే ఇంకొకరి ఇన్‌వాయిస్ వచ్చింది."

మొదటి పని, స్టేజింగ్‌లో ఇద్దరు యూజర్లతో అదే చేసి చూడటం. ప్రొడక్షన్‌లో నిజమైన యూజర్ల ఇన్‌వాయిస్‌లు తెరిచి చూడకండి, అది మీరు చేసినా ఉల్లంఘనే. నిజమని తేలాక నాలుగు సంగతులు తేల్చండి. ఎవరు వాడుకోగలరు: లాగిన్ అయిన ఎవరైనా. ఏం దొరుకుతుంది: పేరు, చిరునామా, కొన్న వస్తువులు. ఏ వెర్షన్ నుంచి ఉంది: గిట్ చరిత్రలో వెతకండి. ఇప్పటికే ఎవరైనా వాడుకున్నారా: సర్వర్ లాగుల్లో (ఎవరు ఎప్పుడు ఏం అడిగారో నమోదయ్యే ఫైళ్లలో) ఒకే ఖాతా నుంచి వరస నంబర్లకు రిక్వెస్టులు వచ్చాయేమో చూడండి. లాగులు కొన్ని రోజులకే చెరిగిపోయే ఏర్పాటు ఉంటే ముందు ఆ చెరపడం ఆపి, కాపీ తీసి పెట్టుకోండి.

తీవ్రతకు సీవీఎస్‌ఎస్ అనే 0 నుంచి 10 వరకు కొలమానం ఉంది. 7 నుంచి తీవ్రం, 9 నుంచి అతి తీవ్రం. ఆ అంకె పనికొస్తుంది కానీ దానికే కట్టుబడకండి. ఇప్పటికే దాడులు జరుగుతున్న 6, ఎవరికీ తెలియని 9 కన్నా అర్జెంటు. డేటా బయటికి పోయిందని తేలితే ఎవరికి, ఎన్ని గంటల్లో తెలియజేయాలన్నది చట్టం చెబుతుంది. ఆ పని డెవలపర్ల మీద వదిలేయకుండా సంస్థ పెద్దలకు, న్యాయ సలహాదారుకు వెంటనే చేర్చండి.

ఫిక్స్‌కు సమయం పట్టేట్టుంటే తాత్కాలిక అడ్డుకట్ట వేయండి. మన ఉదాహరణలో ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్‌ను ఫ్లాగ్‌తో ఆపేయొచ్చు. కొన్ని గంటలు ఆ బటన్ లేకపోతే కొంపలేం మునగవు.

8. ఫిక్స్: ముందు ఫెయిలయ్యే టెస్ట్, తర్వాత కోడ్

పని ప్రైవేట్ బ్రాంచ్‌లో జరగాలి. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్ట్ అయితే ఇది మరీ ముఖ్యం. బహిరంగంగా పెట్టిన "అనుమతి తనిఖీ చేర్చాం" అనే కమిట్ (నమోదైన కోడ్ మార్పు) దాడి చేసేవాళ్లకు దారి చూపించినట్టే.

మొదట టెస్ట్ రాయండి: రెండో యూజర్‌గా లాగిన్ అయి మొదటి యూజర్ ఇన్‌వాయిస్ అడిగితే "దొరకలేదు" అని రావాలి. ఇప్పుడది ఫెయిలవ్వాలి. ఫెయిలవ్వకపోతే మీకు బగ్ ఇంకా అర్థం కాలేదు. తర్వాత కోడ్ మార్చండి. ఇన్‌వాయిస్‌ను నంబర్‌తో మాత్రమే వెతికే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఇప్పుడు నంబర్, ఖాతా రెండూ కలిపి వెతకాలి. నంబర్‌ను ఊహించలేని పొడవాటి కోడ్‌గా మార్చేస్తే చాలనుకునేవాళ్లు ఉంటారు. అది తాళం వేయడం కాదు, తలుపును దాచడం.

ఇప్పుడు అసలు శ్రమ. ఇదే తప్పు ఇంకెక్కడ ఉందో వెతకండి. ఇన్‌వాయిస్ రాసినవాళ్లే రసీదు, రిఫండ్, సపోర్ట్ టికెట్ల అటాచ్‌మెంట్లు కూడా రాసి ఉంటారు, అదే కోడ్ కాపీ చేసి. మొబైల్ యాప్ సర్వర్‌తో మాట్లాడటానికి వాడే ఏపీఐలో పాత వెర్షన్ ఇంకా బతికే ఉందేమో చూడండి. ఈ వెతుకులాట మానేస్తే ఏమవుతుందో లాగులు రాసే జావా లైబ్రరీ లాగ్4జే చూపించింది. 2021 డిసెంబర్‌లో అందులోని లాగ్4షెల్ అనే లోపానికి 2.15.0 విడుదల చేశారు. ఆ ఫిక్స్ పూర్తిగా చాలలేదని 2.16.0, ఇంకో లోపం దొరికి 2.17.0, ఆ తర్వాత 2.17.1 వచ్చాయి. ఒక్క నెలలో అన్నిసార్లు అప్‌డేట్ చేసుకోమని అడిగితే జనానికి ఓపిక ఉంటుందా? తొలి ఫిక్స్ బయటపడగానే వందల కళ్లు దాని చుట్టుపక్కల తవ్వడం మొదలుపెడతాయి. ఆ తవ్వకం మీరే ముందు చేయండి.

ఫిక్స్‌లో ఇంకేమీ కలపకండి. కొత్త ఫీచర్ వద్దు, కోడ్ శుభ్రం చేయడం వద్దు. అప్‌డేట్ చేస్తే ఏదో విరుగుతుందన్న భయమే జనాన్ని ప్యాచ్ (ఫిక్స్ ఉన్న అప్‌డేట్) వేసుకోనివ్వదు. కొత్త టెస్టును వేగం గుంపులో చేర్చి, రాసిన మనిషి కాక ఇంకొకరు రివ్యూ చేసి, పైన చెప్పిన దారిలోనే పంపండి: ఒకే బిల్డ్, వేగం గుంపు, ఒక శాతంతో మొదలు. దశల మధ్య రోజుల బదులు నిమిషాలు పెట్టండి, దశలు మాత్రం తీసేయకండి.

9. అన్ని వెర్షన్లకూ ఒకే రోజు

మీరు 3, 4 శ్రేణులు రెండింటికీ మద్దతు ఇస్తుంటే ఫిక్స్ రెండింటిలోనూ ఒకేసారి రావాలి. పాత శ్రేణిలో కోడ్ వేరుగా ఉంటుంది కాబట్టి అక్కడ కూడా టెస్ట్ విడిగా నడపండి. పైన చెప్పిన "గోటూ ఫెయిల్" లోపానికి యాపిల్ ఐఫోన్ ఫిక్స్‌ను 2014 ఫిబ్రవరి 21న ఇచ్చింది, మ్యాక్ ఫిక్స్ 25న వచ్చింది. మొదటి ఫిక్స్ చూసి లోపమేమిటో లోకమంతా తెలుసుకున్నాక, మ్యాక్ యూజర్లు నాలుగు రోజులు రక్షణ లేకుండా ఉన్నారు.

10. యూజర్లకు భద్రతా సూచన రాయడం

దీన్ని చాలామంది "కొన్ని భద్రతా మెరుగుదలలు" అని ఒక్క ముక్కలో ముగిస్తారు. చదివినవాళ్లకు ఇప్పుడే అప్‌డేట్ చేయాలా, వచ్చే నెల చేయొచ్చా తెలియదు. ఇలా రాయండి:

"ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్‌లో అనుమతి లోపం. తీవ్రత: ఎక్కువ. వర్తించేవి: 3.0.0 నుంచి 3.8.4 వరకు, 4.0.0 నుంచి 4.2.1 వరకు. లాగిన్ అయిన ఏ యూజరైనా ఇతరుల ఇన్‌వాయిస్‌లు డౌన్‌లోడ్ చేయగలిగే వీలుండేది. పాస్‌వర్డ్‌లు, కార్డు నంబర్లు ఇన్‌వాయిస్‌లో ఉండవు. 3.8.5కి గానీ 4.2.2కి గానీ అప్‌డేట్ చేయండి. వెంటనే కుదరకపోతే సెట్టింగుల్లో ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ ఆపండి. ఇది ఇంతకుముందు ఎవరైనా వాడుకున్నారేమో తెలుసుకోవడానికి మీ లాగుల్లో ఒకే ఖాతా నుంచి వరస నంబర్లకు వచ్చిన రిక్వెస్టులు చూడండి."

కనిపెట్టినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు వేయండి. మీ సాఫ్ట్‌వేర్‌ను ఇతరులు తమ దగ్గర పెట్టుకుని నడుపుతుంటే సీవీఈ నంబర్ (లోపానికి అందరూ వాడే గుర్తింపు సంఖ్య) కూడా తీసుకోండి. స్కానింగ్ టూల్స్ ఆ నంబర్‌తోనే లోపాలను పట్టుకుంటాయి. దాడి ఎలా చేయాలో నడిచే కోడ్ మాత్రం సూచనలో అక్కర్లేదు.

11. ఎప్పుడు ప్రకటించాలి

దాడులు జరుగుతుంటే ఫిక్స్ సిద్ధమైన నిమిషమే. లేకపోతే యూజర్ల ఐటీ టీములు డ్యూటీలో ఉండే రోజు, వారం మొదట్లో. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి నెలలో రెండో మంగళవారాన్ని ప్యాచ్‌ల రోజుగా పెట్టుకున్నది అందరూ ముందే సిద్ధపడతారనే. లోపం చెప్పినవాళ్లతో తేదీ మాట్లాడుకోండి. లోపాలు వెతికే గూగుల్ టీమ్ ప్రాజెక్ట్ జీరో ఇచ్చే 90 రోజుల గడువు చాలామందికి కొలబద్ద అయింది. గడువు ఉంది కదా అని 89వ రోజుదాకా కూర్చోకండి.

12. ప్యాచ్ విడుదలయ్యాక

ప్యాచ్ పెట్టినంత మాత్రాన యూజర్ మెషిన్‌లోకి చేరదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగిన వానాక్రై దాడి వాడుకున్న విండోస్ లోపానికి 2017 మార్చి 14నే ప్యాచ్ వచ్చింది, దాడి మే 12న మొదలైంది. అదే ఏడాది అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌లో సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయింది కూడా మార్చిలోనే ఫిక్స్ వచ్చిన అపాచీ స్ట్రట్స్ (వెబ్ యాప్‌లు కట్టే టూల్) లోపం ద్వారానే. అందుకని ఎంతమంది కొత్త వెర్షన్‌కు మారారో రోజూ లెక్క చూడండి. మారనివాళ్లకు మళ్లీ మెయిల్ పెట్టండి, యాప్‌లో కనబడేలా నోటీసు వేయండి. తీవ్రమైన లోపమైతే పాత యాప్ వెర్షన్లను సర్వర్ వైపు నుంచే నిలిపేయండి.

కోడ్ సరిచేసినా, అప్పటికే బయటపడ్డది వెనక్కి రాదు. హార్ట్‌బ్లీడ్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను అప్‌డేట్ చేసి, పాత కీలతోనే సర్టిఫికెట్లు కొనసాగించినవాళ్లు సగం పనే చేశారు. కీలు, టోకెన్లు, పాస్‌వర్డ్‌లు బయటపడి ఉండే అవకాశముంటే అన్నీ మార్చండి, సెషన్లన్నీ రద్దు చేయండి. మన ఇన్‌వాయిస్ ఉదాహరణలో ఆ అవసరం లేదు. లాగుల్లో ఎవరి ఇన్‌వాయిస్‌లు తెరిచినట్టు తేలిందో వాళ్లకు మాత్రం నేరుగా రాయాలి.

వారం గడిచాక టీమ్ అంతా ఒక గంట కూర్చుని రెండు ప్రశ్నలకు జవాబు రాయండి: రిలీజ్‌కు ముందు ఏ టెస్ట్ ఉంటే ఇది దొరికేది, మెయిల్ వచ్చిన నిమిషం నుంచి ప్యాచ్ బయటికెళ్లేదాకా ఏ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగాం. మొదటిదాని జవాబు 3వ అంచెలోకి కొత్త టెస్ట్‌గా, రెండోదాని జవాబు 4వ అంచెలోకి కోత పెట్టాల్సిన నిమిషాలుగా వెళ్లాలి. రెండింటికీ ఒక పేరు, ఒక తేదీ వేసి బగ్ జాబితాలో ఎక్కించండి.